ఉలికి పదును నిషిద్ధం

మా గుండ్లవరంలో కొయ్య చెక్కడం నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఒకటుంది. భవనం బాగుంటుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, మంచినీళ్లు చల్లగా వస్తాయి. ఉలులు మాత్రం తెగవు. తెగకూడదని ఉత్తర్వు ఉంది.

ఈ మాట చెబితే మా బావమరిది నమ్మలేదు. నేను మాత్రం చేరేదాకా నమ్మానా? ఇరవై రెండేళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి. జనం ఫోన్లు కొనుక్కుని వాళ్ల ఫొటోలు వాళ్లే తీసుకోవడం మొదలుపెట్టాక నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. చివరికి వచ్చిన ఇద్దరు కూడా జిరాక్సు తీస్తారా అని అడిగి వెళ్లిపోయారు. స్టూడియో మా ఇంటి ముందుగదే కాబట్టి ఖాళీ చెయ్యాల్సిన బాధ తప్పింది. జలపాతం బొమ్మ ఉన్న తెర ముందు ఇప్పుడు మా ఆవిడ తిరుపతమ్మ కుట్టుమిషను ఉంది.

"ఆర్నెల్లు నేను ఎట్టాగో లాక్కొస్తా," అంది తిరుపతమ్మ ఒకరోజు, పాదం మిషను మీదనుంచి తియ్యకుండా. "ఆ తర్వాత నీ చేతిలో ఏదో ఒక పని కనబడాల పోలేశ్వరరావూ. ఫోన్లో కాదు, చేతిలో."

కోపం వచ్చినప్పుడే మా ఆవిడ నన్ను పూర్తి పేరు పెట్టి పిలుస్తుంది.

సరిగ్గా అప్పుడే రైల్వేస్టేషన్ పక్కన చేతివృత్తుల బజారు కడుతున్నారని తెలిసింది. కొయ్య గరిటెలు, తెడ్లు చేసేవాళ్లకు తలా ఒక కొట్టు కేటాయిస్తారట. శిక్షణ ధ్రువపత్రం ఉండాలి, అంతే. ఆ ధ్రువపత్రం ఇచ్చేది మా ఊరి కేంద్రమే. ఆరు నెలల శిక్షణ, ఫీజు లేదు, పైగా ఆరు ఉలుల సంచీ ఉచితం. ఎగిరి గంతేసి చేరాను.

మొదటిరోజు ప్రిన్సిపాల్ పరాంకుశం గారు ఇరవై నలుగురు శిక్షణార్థుల్నీ సమావేశపరిచారు. ఆయన వెనక గోడకు మూడు షీల్డులు వేలాడుతున్నాయి. మూడింటి మీదా 'గాయరహిత సంస్థ' అనే రాసుంది.

"గత మూడు సంవత్సరాల కాలపరిమితిలో ఈ ప్రాంగణమందు ఒక్క గాయము కూడా నమోదు కాలేదని తెలియజేయుటకు మిక్కిలి సంతసిస్తున్నాను," అన్నారాయన. "ఈ ఉజ్జ్వల సంప్రదాయాన్ని మీరు కూడా అక్షరాలా కొనసాగించవలసి ఉంటుంది."

చప్పట్లు కొట్టాం. పసుపుపచ్చ పిడులతో ముద్దొస్తున్న ఉలులు పంచిపెట్టారు. నేను ఒకటి తీసి అంచు మీద భయంభయంగా వేలు పెట్టాను. మా అమ్మాయి స్కూల్లో వాడిన స్కేలుకు ఇంతకన్నా పదును ఉండేది.

మాకు పని నేర్పే మేస్త్రి నాగలింగాచారి గారు. అరవై ఏళ్లుంటాయి. తాతల నాటినుంచి రథాలు చెక్కిన వంశం. ఇక్కడ కాంట్రాక్టు ఉద్యోగం. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు నేను ఉలిని వేపకర్ర మీద పెట్టి సుత్తితో బాదుతున్నాను. కర్ర మీద చిన్న నొక్కు పడింది. ఇంకా గట్టిగా బాదాను. నొక్కు నన్ను చూసి నవ్వినట్టయింది.

"మేస్త్రిగారూ, ఇది తెగడం లేదు."

"తెగదు."

"మరి పదును పెట్టాలి కదండీ?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఆ మాట పైకి అనబాక అబ్బాయ్. గోడకున్న కాగితం చదువుకో."

గోడకున్న ఉత్తర్వు చదివాను. మూడేళ్ల కిందట ఎవరో శిక్షణార్థి వేలు గీరుకుపోయిందట. అతను ఆ వేలును ఫొటో తీసి నలుగురికీ పంపాడట. పైఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. పరాంకుశం గారు నెల్లాళ్లు పరిశోధించి పందొమ్మిది పేజీల నివేదిక రాశారు. సారాంశం ఉత్తర్వులో ఉంది: 'గాయమునకు మూలము పదును. మూలమును తొలగించినచో గాయము తనంత తాను తొలగును. కావున ఈ సంస్థయందలి సమస్త పనిముట్లనూ తక్షణమే మొద్దుబరచవలెను. వాటికి పదును పెట్టుట, పెట్టించుట, పెట్టుటకు ప్రోత్సహించుట శిక్షార్హము.'

సంస్థలో సానచక్రం కూడా ఉంది. కరెంటుది, మంచిది. ప్రతి బ్యాచి మొదట్లో అటెండరు యోహాను దాని ముందు కూర్చుని, కొత్త ఉలులకు కంపెనీవాడు పొరపాటున పెట్టిన కాస్త పదునునూ శ్రద్ధగా అరగదీస్తాడు. దేశంలో ఉలులు మొద్దుబరచడానికి వాడే సానచక్రం అదొక్కటే అయ్యుంటుందని నా అనుమానం.

"ఇంతకీ ఇక్కడ ఎవరైనా గరిటె చేశారా మేస్త్రిగారూ?" అని అడిగాను.

"మూడేళ్లల్లో? లేదు నాయనా. అందరికీ సర్టిఫికెట్లు మాత్రం వచ్చినయ్." ఆయన నవ్వలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లు నేలమీదే ఉన్నాయి.

ఉత్తర్వులో చివరి పేరా ఒకటుంది. నన్ను బతికించింది ఆ పేరానే. పదును వల్ల కలిగే అనర్థాలను శిక్షణార్థులకు తెలియజెప్పడానికి ప్రతి శుక్రవారం 'నిషిద్ధ చర్యల అవగాహన తరగతి' జరపాలని పరాంకుశం గారే రాశారు. ఏమేం చెయ్యకూడదో మేస్త్రి వివరంగా చెప్పాలి. చెప్పినట్టు రిజిస్టరులో సంతకం పెట్టాలి.

శుక్రవారం వచ్చేసరికి నాగలింగాచారి గారి మొహంలో పెళ్లికళ వచ్చింది. తెల్లచొక్కా వేసుకొచ్చారు. తలుపు పక్కనే పరాంకుశం గారు కుర్చీ వేసుకు కూర్చున్నారు.

"అందరూ జాగ్రత్తగా వినండి," అన్నారు మేస్త్రి. "పెద్ద సానరాయి కొనే స్తోమత లేనివాడు ఏం చెయ్యకూడదో చెబుతున్నా. సాపుగా ఉండే అద్దం ముక్క తెచ్చుకోగూడదు. రంగుల కొట్లో దొరికే వాటర్ పేపరు, అదే గరుకు కాగితం, దాని మీద అంటించగూడదు. ముందు గరుగ్గా ఉండే నాలుగొందల నంబరు, తర్వాత వెయ్యి, ఆ తర్వాత రెండువేలు. ఈ వరస అసలు పాటించగూడదు."

"భేష్," అన్నారు పరాంకుశం గారు.

"ఉలికి ఏటవాలుగా ఉండే వైపు చూశారా? దానికి స్కెచ్ పెన్నుతో నల్లరంగు పుయ్యగూడదు. పూస్తే ఎక్కడ అరుగుతుందో, ఎక్కడ అరగటంలేదో కనబడిపోద్ది. చాలా ప్రమాదం. నీళ్లు చల్లి, ఆ వాలు మొత్తం కాగితానికి ఆనేటట్టు పట్టుకుని, మణికట్టు కదలకుండా, ఒళ్లు ఊపుతూ లాగగూడదు. మణికట్టు ఊగితే అంచు గుండ్రమైపోద్ది."

"అయిపోతే మంచిదే కదా?" అన్నారు పరాంకుశం గారు.

"అవునండి. అందుకని మణికట్టు ఊపాల." మేస్త్రి నావైపు చూసి ఒక్క క్షణం ఆగారు. నేను నోట్సులో 'ఊపరాదు' అని రాసుకున్నాను. "వెనకవైపు బొటనవేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగులుద్ది. అది అంచు పొడుగూతా తగిలిందంటే ఆ నంబరు కాగితంతో పని అయిపోయినట్టు. అప్పుడు తర్వాత కాగితానికి పోగూడదు. ఆఖర్న పాత తోలు బెల్టుకు స్టీలుగిన్నెల మెరుగు సబ్బు రుద్ది, ఉలిని దాని మీద వెనక్కి లాగగూడదు. వెనక్కే సుమా. ముందుకు తోస్తే బెల్టు తెగుద్ది. ఇదంతా చేసినవాడు ఒక కాగితాన్ని చేత్తో పట్టుకుని ఉలితో కోసి చూస్తాడు. అది చప్పుడు లేకుండా తెగిందంటే వాడు ఈ సంస్థకు పెద్ద శత్రువు."

పరాంకుశం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత సమగ్రమైన హెచ్చరిక తాను మరెక్కడా వినలేదన్నారు. ఇక్కడ ఆరు నెలల్లో నేను నేర్చుకున్న విద్యంతా ఆ గంటలోనే ఉంది.

ఇంటికెళ్లి, అమ్ముడుపోని ఫొటో ఫ్రేముల్లోంచి ఒక అద్దం విడదీశాను. వాటర్ పేపర్లు తెచ్చాను. మొదటిరోజు ఉలి అంచును వానపాములా వంకరటింకర చేశాను. రెండోరోజు వేలి గోరు అరగదీసుకున్నాను. మూడోరోజు స్కెచ్ పెన్ను నలుపు మొత్తం ఒకేసారి పోయింది, వెనకవైపు గరుకు తగిలింది. నా పాత బెల్టు మీద లాగాను. తిరుపతమ్మ కొలతలు రాసుకునే కాగితం ఒకటి తీసి కోస్తే చప్పుడే రాలేదు.

"ఓయ్, ఇటు రా!" అని అరిచాను. పుట్టిన పిల్లను చూపించినంత గర్వంగా చూపించాను.

ఆమె కాగితాన్నీ, ఉలినీ, నా మొహాన్నీ చూసింది. తర్వాత లోపలికెళ్లి తన కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీని సంగతి కూడా చూడు. జాకెట్టు గుడ్డ కొరుకుతా ఉంది."

సోమవారం కేంద్రంలో ఆ ఉలిని వేపకర్ర మీద ఆనించి మెల్లగా తోశాను. సన్నటి చెక్కపొర ఒకటి లేచి ఉంగరంలా చుట్టుకుని బల్ల మీద పడింది. పక్క బల్లవాడు వచ్చి దాన్ని ముట్టుకుని చూశాడు. నాగలింగాచారి గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని వాసన చూశారు. అంత సంతోషం ఆ మనిషి మొహంలో నేను అంతకుముందు చూడలేదు.

పది నిమిషాల్లో పరాంకుశం గారు వచ్చారు.

"ప్రాంగణమందు చెక్కపొట్టు ఉత్పన్నమైనట్లు సమాచారం అందింది. బాధ్యులెవరు?"

లేచి నిలబడ్డాను. చెక్కపొరను కవరులో పెట్టి లక్క సీలు వేశారు. నా ఉలులు స్వాధీనం చేసుకున్నారు. యోహాను సానచక్రం ముందు కూర్చుని నా మూడురోజుల కష్టాన్ని మూడు నిమిషాల్లో అరగదీశాడు.

"ఏమనుకోబాక అన్నా," అన్నాడు వాడు ఉలులు తిరిగిస్తూ. "పైవాళ్లు చెప్పింది చెయ్యాల గదా."

మర్నాటినుంచి గేటు దగ్గర 'దైనందిన మొద్దుతన నిర్ధారణ పరీక్ష' పెట్టారు. ప్రతి ఉలినీ అరటిపండుకు ఆనించి నొక్కుతారు. తొక్క తెగితే ఉలి పదునైనదని అర్థం. మొదటిరోజు నూట నలభై నాలుగు ఉలులూ పదునైనవని తేలింది. మొత్తం బ్యాచి కుట్రలో భాగస్వాములని పరాంకుశం గారు నిర్ధారణకు వచ్చేలోపు యోహాను అడ్డుపడ్డాడు.

"పండు మిగలమాగింది సార్. దీన్లోకి నా వేలు కూడా దిగుద్ది."

"అటువంటప్పుడు వేళ్లు కూడా..." అని పరాంకుశం గారు కాసేపు ఆలోచించారు. "వేళ్ల విషయం తదుపరి దశలో పరిశీలిద్దాం. రేపటినుంచి పచ్చి అరటికాయ వాడండి."

ఆ నెలంతా యోహాను ఇంట్లో అరటికాయ వేపుడే.

నేను మాత్రం మానలేదు. నాకు మొండితనం ఎక్కువ, అది నా మంచిగుణమని తిరుపతమ్మ తప్ప అందరూ ఒప్పుకుంటారు. పాత ఇనుపసామాను కొట్లో తుప్పుపట్టిన ఉలులు మూడు ఏరుకొచ్చి, అదే అద్దం మీద, నిషిద్ధ చర్యలన్నీ ఒక వరసలో చేసి పదును పెట్టాను. రోజూ పొద్దున్నే పెరట్లో కూర్చుని చెక్కేవాణ్ణి. మొదటి గరిటె చెంచాలా వచ్చింది. రెండోది పగిలింది. ఐదోదానితో మా ఆవిడ పప్పు కలిపింది. కేంద్రంలో పగలంతా మొద్దు ఉలితో కర్రను నిమురుతూ కూర్చునేవాణ్ణి. సర్టిఫికెట్టు కావాలి, కొట్టు కావాలి. తిరుపతమ్మ ఇచ్చిన ఆర్నెల్లల్లో నాలుగు అయిపోయాయి.

ఐదో నెలలో మేస్త్రిగారికి దెబ్బ తగిలింది. తప్పు ఆయనది కాదు. మొద్దు ఉలి దిగాలంటే బలంకొద్దీ తొయ్యాలి. అలా తోస్తే అది కర్రలోకి పోదు, కర్ర మీద జారి పోతుంది. ఎవరికో చూపిస్తూ తోశారు, ఉలి జారి ఎడమచేతి బొటనవేలి మొదట్లో దిగబడింది. రక్తం కారుతుంటే నేను నా రుమాలు కట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. నాలుగు కుట్లు పడ్డాయి.

"పదునున్న ఉలి అయితే చెప్పినచోట ఆగుద్ది అబ్బాయ్," అన్నారు దారిలో. నొప్పికన్నా కోపమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "యాభై ఏళ్లు చేసినా. మా నాయన కూడా నా చేతిలో ఇంత రక్తం చూడలా."

కేంద్రంలో త్రిసభ్య సంఘం కూర్చుంది. నన్ను సాక్షిగా పిలిచారు.

"గాయమైనది అనుచున్నారు. దేనివల్ల?" అన్నారు పరాంకుశం గారు.

"ఉలి వల్ల సార్."

"సదరు ఉలి ఆనాటి ఉదయం అరటికాయ పరీక్షలో ఉత్తీర్ణత పొందినది. పదును లేని పనిముట్టుతో గాయం శాస్త్రీయంగా అసంభవం. కావున అది గాయం కాదు."

"నాలుగు కుట్లు పడ్డాయి సార్."

"కుట్లు ఆస్పత్రివారి అంతర్గత వ్యవహారం."

రిజిస్టరులో 'మేస్త్రి ఎడమచేతి చర్మమందు తాత్కాలిక అంతరము' అని నమోదు చేశారు. సంఘం అంతటితో ఆగలేదు. ఉలి నిర్దోషి అయినప్పుడు కారణం వేరే ఉండాలి కదా? కర్ర మూలలే కారణమని తేల్చి, కర్ర దుంగల మూలలన్నీ గుండ్రంగా చేయించారు. ఉలులకు రబ్బరు టోపీలు తొడిగించారు. తర్వాత పరాంకుశం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ మనుషుల గాయాలే చూశాం, పాపం ముడిసరుకు సంగతి పట్టించుకోలేదు. 'ఇకమీదట ఈ ప్రాంగణమందు మనిషికిగానీ, పనిముట్టుకుగానీ, కర్రకుగానీ ఎటువంటి గాయమూ కలుగరాదు' అని సవరణ ఉత్తర్వు వెలువడింది.

ఈ పద్ధతిని రాష్ట్రమంతా అమలు చేసే విషయం పరిశీలించడానికి జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. మా తుది పరీక్ష రోజే వస్తారు. గరిటె చెక్కడం పరీక్ష. మూడు గంటలు. మార్కుల పట్టిక ముందుగానే ఇచ్చారు: శిక్షణార్థికి గాయం లేదు, ముప్పై మార్కులు. పనిముట్టు అరగలేదు, ముప్పై. కర్రకు గాయం లేదు, నలభై.

ఇంట్లో చెబితే తిరుపతమ్మ అర్థం చేసుకోవడానికి కాస్త టైము పట్టింది.

"అంటే ఏం చెయ్యకుండా మూడు గంటలు కూర్చుంటే వందకి వందా?"

"అంతే."

"ఇంక భయమెందుకయ్యా? స్టూడియోలో నాలుగేళ్లు ప్రాక్టీసు చేశావు గదా. కూర్చుని ఆ కాగితం తెచ్చుకో. కొట్టు వచ్చినాక నీ ఇష్టం వచ్చినట్టు చెక్కుకో."

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. కూర్చోవాలనే వెళ్లాను. అయినా టిఫిను సంచిలో డబ్బా కింద నా మూడు ఉలులు కూడా పెట్టుకెళ్లాను.

పది గంటలకు బెల్లు కొట్టారు. ఇరవై నలుగురం గుండ్రటి కర్రముక్కల ముందు, టోపీ పెట్టుకున్న ఉలులు పట్టుకుని కూర్చున్నాం. అందరికంటే ఒద్దికగా కూర్చుంది నేనే. ఇద్దరు కునుకు తీస్తున్నారు. పరాంకుశం గారు వరసల మధ్య తిరుగుతూ, "అద్భుతం, కదలకండి," అంటున్నారు.

మూలన స్టూలు మీద నాగలింగాచారి గారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇరవై నాలుగు కర్రముక్కల్నీ ఒక్కొక్కటే చూస్తున్నారు. ఆకలితో ఉన్నవాణ్ణి విస్తరి ముందు కూర్చోబెట్టి వడ్డించనట్టుంది ఆయన వాలకం. ఇంకో బ్యాచి వెళ్లిపోతోంది. ఈయన దగ్గర నేర్చుకున్నామని చెప్పడానికి ఒక్కడి చేతిలోనూ ఒక్క గరిటె లేదు. నాకు సిగ్గేసింది. కొట్టు గుర్తొచ్చింది, తిరుపతమ్మ గుర్తొచ్చింది, అయినా సిగ్గే ఎక్కువైంది. టిఫిను సంచిలోంచి నా ఉలి తీశాను.

మొదటి పొర చర్రుమంటూ లేచింది. నిద్రపోతున్న ఇద్దరూ లేచారు. పరాంకుశం గారు పరిగెత్తుకు రాబోయి గుమ్మం దగ్గర ఆగిపోయారు. జాయింట్ డైరెక్టరు గారు లోపలికి వస్తున్నారు.

"ఏమిటా శబ్దం?" అన్నారాయన.

"సర్, అది... ఒక వ్యక్తిగత అతిక్రమణ..."

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను ఆపలేదు. ఇప్పుడు ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. గరిటె గుంట తొలుస్తున్నాను. కింద పొరలు కుప్పపడుతున్నాయి. ఆయన ఒకటి తీసి వేళ్లతో సాగదీసి చూశారు.

"ఇంత నున్నగా వస్తుందా?"

"పదునుంటే వస్తదండి," అన్నారు నాగలింగాచారి గారు. స్టూలు మీదనుంచి ఎప్పుడు లేచి వచ్చారో తెలియదు.

జాయింట్ డైరెక్టరు గారు ఉలివైపు చెయ్యి చాపారు. "నేను... ఒకసారి?"

ఉలి ఇచ్చాను. మేస్త్రి ఆయన పక్కన నిలబడి, మంచి చేత్తో ఆయన మోచేతిని సర్దారు. "ఎడంచెయ్యి ఎప్పుడూ ఉలి ముందు పెట్టబాకండి సార్, వెనకే ఉంచండి. బలం వద్దు. దాని పని దాన్ని చేసుకోనియ్యండి."

పొర లేచింది. అంత పెద్ద ఆఫీసరు పకపకా నవ్వారు. ఇంకోటి తీశారు. కోటు విప్పి కుర్చీ మీద వేశారు. పావుగంట సేపు ఆయన నా గరిటె పిడిని చెక్కుతూనే ఉన్నారు. పాడుచేస్తారేమో అనుకున్నాను గాని, ఫరవాలేదు, చెయ్యి తిరిగింది. గదిలో అందరూ చుట్టూ మూగారు. ఒక్కడికి కూడా గాయం కాలేదు.

అప్పుడాయన తల ఎత్తారు. ఎదురుగా మార్కుల పట్టిక పట్టుకుని పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. జాయింట్ డైరెక్టరు గారు ఉలి కింద పెట్టి, చేతులు దులుపుకుని, కోటు వేసుకున్నారు. బొత్తాలు పెట్టుకుంటుంటే ఆయన మొహం బొత్తానికింత చొప్పున బిగుసుకుంది.

"ఇది అత్యంత తీవ్రమైన విషయం," అన్నారు. "నిబంధనల మేరకు కఠిన చర్య తీసుకోండి. సాక్ష్యాధారం నా వెంట పంపించండి."

సాక్ష్యాధారం అంటే గరిటె. దాన్ని జేబులో పెట్టుకుని, మధ్యమధ్యలో పైనుంచి తడుముకుంటూ కారెక్కారు.

ఇరవై ముగ్గురు వందకు వంద తెచ్చుకుని ఉత్తీర్ణులయ్యారు. కేంద్రానికి నాలుగో షీల్డు వచ్చింది. నాగలింగాచారి గారి కాంట్రాక్టు పొడిగించలేదు. నాకు ధ్రువపత్రానికి బదులు రిజిస్టరు పోస్టులో ఒక మెమో వచ్చింది. మీరు కూడా చదవాలని ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

'శిక్షణార్థి శ్రీ పోలేశ్వరరావు అను వారు నాసిరకపు, తుప్పుపట్టిన, మొద్దుబారిన పనిముట్లను సైతం స్వహస్తములతో అత్యంత పదునుగా మార్చగలరనియు, పదేపదే మార్చినారనియు, సదరు పదును చిరకాలము నిలిచియుండుననియు ఉన్నతస్థాయి విచారణలో సందేహాతీతముగా రుజువైనది. కావున వీరిని అనర్హులుగా ప్రకటించడమైనది.'

కింద పరాంకుశం గారి సంతకం, గుండ్రటి ముద్ర, పక్కన జాయింట్ డైరెక్టరు గారి సంతకం.

కొట్టు పోయింది. ఆర్నెల్లూ అయిపోయాయి. మిషను పక్కన కూలబడి ఆ కాగితం తిరుపతమ్మకు ఇచ్చాను. ఏడుపు వచ్చింది, ఆపుకున్నాను. ఆమె రెండుసార్లు చదివింది. తిట్టడానికి తగిన మాట వెతుక్కుంటోందనుకున్నాను.

"ఏమయ్యా, దీంట్లో ఏం రాసుంది?"

"ఫెయిలని రాసుంది."

"అది ఆఖరి లైను. పైన ఏం రాసుంది? తుప్పుపట్టినవి గూడా పదును పెడతావని, అది చాన్నాళ్లు నిలుస్తదని రాయలా? గవర్నమెంటోళ్లు ముద్రేసి ఇయ్యలా? మన బజారులో కత్తెర మొద్దుబారిన టైలర్లు ఎంతమంది ఉన్నారో నీకేమన్నా తెలుసా?"

తెలియదు. మరుసటి వారానికి తెలిసింది. మెమోను ఫ్రేము కట్టి వీధి గుమ్మం పక్కన తగిలించాం. ముందు తొమ్మిదిమంది టైలర్లు వచ్చారు. తర్వాత మంగలి షాపువాళ్లు, మాంసం కొట్టు సుభానీ, హోటలు వంటమనిషి. ప్రతివాడూ గుమ్మం దగ్గర నిలబడి మెమో పైకి చదివేవాడు. 'సందేహాతీతముగా' అన్నచోటికి వచ్చేసరికి తల ఊపి లోపలికి అడుగుపెట్టేవాడు. నాగలింగాచారి గారిని నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. జలపాతం తెర కింద కూర్చుని గరిటెలు చెక్కుతున్నారు. చేతి కట్టు విప్పేశారు. కత్తెర కోసం వచ్చినవాళ్లు గరిటె కూడా కొనుక్కుపోతున్నారు. జాయింట్ డైరెక్టరు గారి డ్రైవరు ఇప్పటికి రెండుసార్లు వచ్చాడు. అమ్మగారు ఇంకో నాలుగు సాక్ష్యాధారాలు తెమ్మన్నారట.

మొన్న శనివారం సాయంత్రం పరాంకుశం గారు వచ్చారు. చేతిలో గుడ్డసంచి ఉంది. గుమ్మం దగ్గర ఫ్రేము చూసి నిలబడిపోయారు. మొహం ఎర్రబడింది.

"ఇది అధికారిక లేఖా ప్రతిని దుర్వినియోగపరచుట. దీనిమీద చర్య తీసుకోవలసి వస్తుంది."

"తీసుకోండి సార్," అన్నాను. "దాంట్లో తప్పేమన్నా రాసి ఉంటే చెప్పండి, ఇప్పుడే దించేస్తా."

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా చదివారు. సొంత సంతకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. కుట్టుమిషను చప్పుడు కూడా ఆగింది.

"తప్పు లేదు," అన్నారు చివరికి, గొంతు సవరించుకుని. "సందేహాతీతంగానే రుజువైంది."

అటూ ఇటూ చూసి, సంచిలోంచి కూరగాయలు తరిగే కత్తి తీసి నా బల్ల మీద పెట్టారు. "ఇంట్లో వారానికొకసారైనా మా ఆవిడ వేలు తెగుతోంది. టమాటా కూడా తెగడం లేదు."

తిరుపతమ్మ ఆయనకు స్టూలు చూపించి, ముందు నలుగురున్నారు కూర్చోండి సార్, అంది.